జిల్లేడుకు బొట్టు పెట్టాను

ఒక పండగ పూట మా అపార్ట్‌మెంట్ మొత్తాన్ని తడిబట్టలతో మెట్ల మీదికి పరిగెత్తించిన ఘనత నాది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. అప్పుడు మాత్రం నాకు ఏడుపే వచ్చింది.

నేను విజయవాడలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. అమెరికాలో దేశం దాటి వలస వెళ్లే మోనార్క్ సీతాకోకచిలుకల వీడియోలు చూసి చూసి పిచ్చెక్కి ఉన్నాను. వాటి దగ్గరి చుట్టాలు మన దగ్గరా ఉన్నాయనీ, జిల్లేడు మీద గుడ్లు పెడతాయనీ మా మేడమ్ చెప్పగానే ప్రాజెక్టుకు అదే ఎంచుకున్నాను. మా అపార్ట్‌మెంట్ గోడ పక్కన దానంతటదే మొలిచిన జిల్లేడు ఉంది. దాని నిండా నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళిపురుగులు, మంగళగిరి చీరలు కట్టుకుని పేరంటానికి వచ్చినట్టు.

చిక్కల్లా మా సెక్రటరీ రామ్మోహనరావు గారితో వచ్చింది. జిల్లేడు పాలు పిల్లల కళ్లలో పడితే ప్రమాదమని మొక్కను కొట్టించేద్దామన్నారు. పురుగుల సంగతి చెబితే ఆ పని ఇంకా తొందరగా చేయిస్తారని నా భయం. అందుకని తెల్లవారకముందే కిందికి దిగి, మొదలుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నాలుగు మందారాలు ఉంచి వచ్చాను.

నా తెలివి అక్కరకు మించి పనిచేసింది. సెక్రటరీ గారు కత్తి తెచ్చిన మనిషిని వెనక్కి పంపేశారు. పై అంతస్తు ఆంటీ దీపం పెట్టారు. మా అమ్మ కొబ్బరికాయ కొట్టి నాకు ప్రసాదం పెడితే, నోరెత్తకుండా తిన్నాను.

ఈ జువాలజీ విద్యార్థిని పంచాంగం చూడలేదు. రథసప్తమి వచ్చింది. జిల్లేడు ఆకులు తల మీద, భుజాల మీద పెట్టుకుని స్నానం చేసే రోజు. పూజలందుకుంటున్న మొక్క గుమ్మం ముందే ఉంటే ఎవరు ఊరుకుంటారు? నేను లేచి వెళ్లేసరికి అది తిరుపతిలో మొక్కు చెల్లించి వచ్చినట్టుంది. ఆకు లేదు, పురుగు లేదు.

ఇంతలో అంతస్తుకో కేక వినిపించింది, స్నానాలు చేస్తున్న వాళ్లంతా తడిబట్టలతోనే మెట్ల మీదికి పరిగెత్తుకొచ్చారు. సెక్రటరీ గారు తువ్వాలు చుట్టుకుని, నీళ్లు కారుతూ, అరచేతిలో ఆకు పట్టుకుని వచ్చారు. ఆకు మీద నా పురుగు.

"నెత్తి మీద పాకిందమ్మా. నువ్వు చదివేది ఇవేగా, ఇది కుడుతుందా?"

"కుట్టదండీ," అంటూనే ఏడ్చేశాను. బొట్లతో సహా అంతా చెప్పేశాను.

ఆయన ఆకును కళ్ల దగ్గరికి తెచ్చుకుని పురుగును చూశారు. "ఇవి ఏం తింటాయి?"

"జిల్లేడు ఆకులేనండీ."

"ముందే చెబితే పిల్లల్ని అటు పోకుండా చూసుకునేవాళ్లం కదమ్మా," అన్నారు మెల్లగా.

తిడితే బాగుండేది. ఆయన స్టీలు గిన్నె పట్టుకుని ఇంటింటికీ తిరిగి, బకెట్ల పాలు కాకుండా మిగిలిన పురుగుల్ని ఏరుకొచ్చారు. నన్ను స్కూటర్ మీద కాలవగట్టుకు తీసుకెళ్లి జిల్లేడు కొమ్మలు కోయించారు. ఆ పురుగులు ఆయన బాల్కనీలోనే గూళ్లు కట్టుకున్నాయి. మొదటి నారింజ రెక్కలు విచ్చుకున్న రోజు ఆయన అందరినీ పిలిచి మరీ చూపించారు.

వైవాలో ఎగ్జామినర్ గారు అడిగారు, "మీ పరిశీలనలో ఈ సీతాకోకచిలుకలకు ప్రధానమైన ముప్పు ఏది?"

"నేనేనండీ," అన్నాను.

కనుక సూర్యభగవానుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో సైన్సు కోసం ఏ దేవుణ్నీ ఇబ్బంది పెట్టను.