వీరుడికి నాన్న పేరు

పెట్రోలు బంకులో నా ముందు లారీ ఆగి డీజిలు పోయించుకుంటుంటే, ఆ ఘాటు వాసన నా దాకా వస్తుంది. రాజమండ్రిలో రోజూ స్కూటీ మీద ఉద్యోగానికి వెళ్లే నాకు అదేం కొత్త కాదు. అయినా ఆ వాసన తగలగానే నరసాపురంలో మా ముందుగది, గోడ మేకుకి వేలాడే, డీజిలు వాసన కొట్టే నాన్న ఖాకీ చొక్కా, దాని కింద బల్ల మీద పాత కంప్యూటరు, దాని ముందు గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్న ఆరో తరగతి పిల్ల, అంటే నేను, అన్నీ కళ్ల ముందుకొస్తాయి.

నాన్న రేవులో పంటు నడిపేవారు. మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ కొబ్బరికాయల బస్తాలనీ గోదారి దాటించి, అవతల సఖినేటిపల్లి ఒడ్డున దింపే పెద్ద పడవ అది. అమ్మ గుమ్మంలో వెలుతురు పడేచోట చాప వేసుకుని లేసు అల్లేది. ఆ ఎండాకాలం సెలవుల్లో, పెరట్లో ఆరబెట్టిన మామిడి ముక్కల్ని నములుతూ వచ్చి, భీమవరంలో ఇంజనీరింగ్ చదివే మా పెద్దమ్మ కొడుకు విజయ్ అన్నయ్య నాకోసం కొన్న ఆటని ఆ కంప్యూటర్లో ఎక్కించాడు. నేను పుట్టకముందెప్పుడో వచ్చిన ఆటట. బొమ్మలకి మెరుగులు దిద్ది, సంగీతం మళ్లీ వాయించి కొత్తగా విడుదల చేశారట.

"ఈ సిరీస్‌లో చాలా ఉన్నాయే చిట్టీ. ఇది ఆడావంటే మిగతావి నువ్వే వెతుక్కుంటావు" అన్నాడు.

అప్పటిదాకా నాకు తెలిసిన ఆటలంటే కార్లు గుద్దుకోవడం, బుడగలు పేల్చడం. ఇందులో ఊళ్లున్నాయి, ఊళ్లలో మనుషులున్నారు, పలకరిస్తే వాళ్ల బాధలు చెప్పుకుంటారు. కొండలూ అడవులూ దాటుతూ నడుస్తుంటే వెనక వేణువు మోగుతూ ఉంటుంది. మొదట్లోనే మన జట్టు వాళ్లకి పేర్లు పెట్టమంటుంది. మంత్రాలు వేసే ఆవిడకి మేరీ అని అమ్మ పేరు పెట్టాను. "ఆదివారం గుడికెళ్లేదాన్ని, నన్ను మంత్రగత్తెని చేశావేంటే?" అని అమ్మ నవ్వింది. విల్లు పట్టిన పిల్లని నేనే. అందరికంటే ముందు నిలబడి దెబ్బలు కాచుకునే కత్తివీరుడికి నాన్న పేరు. సుందరరావు మొత్తం పేరు కొట్టే గడుల్లో పట్టక, సుందర్ దగ్గర ఆగిపోయింది.

శ్రావణం వచ్చింది. గోదారికి ఎర్రనీరు తగిలి వరద మొదలైంది. వీధిలో ఎవరింట్లోనో తాటిపండ్లు కాలుస్తున్న తియ్యటి వాసన వస్తున్న ఓ సాయంత్రం విజయ్ అన్నయ్య వచ్చి, నా వెనక నిలబడి ఆట చూస్తూ మామూలుగా అన్నాడు: "మంచి వస్తువులన్నీ సుందర్‌కి తొడిగేశావేంటి? ఈ కోట తలుపు దాటాక వాడు చచ్చిపోతాడు."

"పేరు మార్చొచ్చా?"

"ఒకసారి పెట్టాక మారదు."

కోట ముందు ఆట సేవ్ చేసి ఆపేశాను. మళ్లీ ముందుకి ఆడలేదు. పోనీ చెరిపేసి మొదట్నుంచి ఆడదామా అంటే, తెర మీద "ఈ ప్రయాణాన్ని తుడిచేయాలా?" అని ఇంగ్లీషులో అడిగేది. ఆ ప్రశ్న కింద నాన్న పేరు ఉండేది. చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. ముందుకెళ్తే చచ్చిపోతారు, వెనక్కెళ్తే ఉండనే ఉండరు. బడిలో వర్షం చప్పుడు వినిపిస్తే పాఠం ఎక్కేది కాదు. నాన్న ఇంటికొచ్చి చొక్కా మేకుకి తగిలించేదాకా అన్నం దిగేది కాదు. ఎందుకో ఎవరికీ చెప్పలేకపోయాను. చెబితే నిజమైపోతుందేమోనని భయం.

ఒకరోజు వరద పెరిగిందని రేవులో పంటు ఆపేశారు. అప్పటికే నాన్న అవతలి ఒడ్డున ఉన్నారు. ఫోను కలవలేదు. పొద్దు వాలుతున్నా ఆయన జాడ లేదు. అమ్మ అల్లిందే విప్పి మళ్లీ అల్లుతోంది. నేను వెళ్లి కంప్యూటరు ప్లగ్ పీకేశాను. అది వెలగకపోతే ఆయనకేం కాదని ఎందుకు అనుకున్నానో తెలియదు.

దీపాలు పెట్టే వేళకి నాన్న వీధి మలుపులో కనిపించారు. పంటుని అవతలే కట్టేసి, బస్సులు మారుతూ చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వచ్చారట. ఫోను నీళ్లలో తడిసి పాడైపోయింది. నేను ఆ డీజిలు చొక్కాలో మొహం దాచుకుని ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

ఆదివారం ప్రార్థన నుంచి రాగానే నా పక్కన కుర్చీ వేసుక్కూర్చున్నారు. "ఏదీ, ఆ కోటేంటో చూద్దాం పద."

జట్టుని తలుపు దాటించాను. పైకప్పు కూలుతుంటే సుందర్ భుజం ఒడ్డి నిలబడి, మేరీనీ నన్నూ బయటికి పంపేశాడు. రాళ్లు పడ్డాయి. వేణువు ఆగిపోయింది. జట్టులో ఆయన పేరున్న చోటు ఖాళీ అయింది.

నాన్న కుర్చీ ముందుకి జరుపుకున్నారు. తర్వాత, "ఆడి కత్తేమైంది?" అని అడిగారు.

"మన సంచిలోకొచ్చింది నాన్నా."

"అయితే అమ్మకిచ్చెయ్యి. అవతలి ఒడ్డుకి చేర్చాడు కదా, ఆడి పని అయిపోయింది. ఇంక మీరు నడవాలి."

"ఏవండీ, ఆ మాటలేంటండీ పిల్లతో!" అని అమ్మ కసిరింది.

మంత్రగత్తె చేతికి కత్తినిచ్చి నడిచాను. భయం పోలేదు. ఎర్రనీరు తగ్గేదాకా సాయంత్రాలు గుమ్మంలోనే కూర్చున్నాను. కానీ క్రిస్మస్‌కి అమ్మ జంతికలు వత్తుతుండగా ఆట పూర్తయింది. అన్నయ్య అన్నట్టే మిగతావన్నీ నేనే వెతుక్కున్నాను.

నాన్న పంటు మానేసి చాలాకాలమైంది. ఫోన్లో, "ఎన్నో భాగంలో ఉన్నావే?" అని ఇప్పటికీ అడుగుతారు. ఈమధ్య ఆ సిరీస్‌లో ఇంకో పాత ఆటని కూడా కొత్తగా దిద్ది విడుదల చేశారు. ఇందులో అందరూ తెర మీద అక్షరాల్లో కాక గొంతుతోనే మాట్లాడుకుంటారు, ఒకర్నొకరు పేరు పెట్టి పిలుచుకుంటారు. అందుకని మనల్ని పేర్లు అడగడం తీసేశారు. మొదలుపెట్టిన రోజు ఆ సంగతి తెలియక, పేర్ల గడుల కోసం భయంభయంగా కాచుకుని కూర్చున్నాను. అవి రాకుండానే కథ మొదలైపోయింది. హమ్మయ్య అనుకున్నాను. అనుకున్న మరుక్షణమే, అందులో మావాళ్లెవరూ లేరని తెలిసొచ్చింది.