తెరకు వీపు పెట్టి ఆడిన నీలి

జనగామ స్టేషన్ రోడ్డులోని బట్టల మాల్‌లో, మూడో అంతస్తులో గేమ్ జోన్ తెరిచిన ఏడు నీలికి పందొమ్మిదేళ్లు. కొడకండ్ల దగ్గరి తండా నుంచి వచ్చి తుడిచే పనికి చేరింది. కారు నడిపే మిషన్లు, తుపాకీ పేల్చే మిషన్లు, బంతులు వేసే బుట్టలు, అన్నిటి మధ్యలో డాన్స్ మిషన్. కాళ్ల కింద నాలుగు బాణాలుంటాయి. ఎదుట తెర మీద ఏ బాణం వస్తే దాని మీదే అడుగు పడాలి. పాట అయిపోగానే నూటికి ఎన్ని పాయింట్లు వచ్చాయో తెర మీద పడుతుంది.

ఆదివారం వచ్చిందంటే మెట్ల కింది దాకా లైను! పెళ్లి బట్టలకని వచ్చినవాళ్లు చీరలు బేరమాడటం ఆపి పైకొచ్చేసేవాళ్లు. నర్మెట్ట నుంచి వచ్చిన ఓ పెద్దమనిషి కారు మిషన్‌లో కూర్చుని, మనవడు ఏడుస్తున్నా దిగలేదు. తండా పిల్లలు చెప్పుల్లేకుండా వస్తే మాత్రం గార్డు కిందే ఆపేవాడు. పనివాళ్లు ఆడరాదని గోడకు కాగితం కూడా అంటించారు. మిషన్లు తుడిచే చేతులకు ఆట ఎందుకు పనికిరాదో ఆ కాగితంలో రాయలేదు.

అయితే పొద్దున షట్టర్ తీయగానే ప్రతి మిషన్ నడుస్తోందో లేదో చూడాలి. ఆ పని నీలికే ఇచ్చారు. ఇంకేం, రోజుకో పాట! డ్యూటీయే కదా.

చిక్కల్లా ఒకటే. తీజ్ పండుగకు తండాలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి, తొమ్మిది రోజులు వాటి చుట్టూ తిరుగుతూ ఆడతారు. ఒకే దిక్కుకు నిలబడి ఆడటం నీలి కాళ్లకు తెలియదు. ఎడమ బాణం తొక్కిందంటే ఒళ్లంతా గిర్రున తిరిగేది. తెరకు వీపు పడేది. రావలసిన బాణం కాస్తా పోయేది. ఓనర్ హన్మంత్ మేనల్లుడు మిథున్ ఆ మిషన్ మీద మొనగాడు. ఓ పొద్దున అది చూసి పడీపడీ నవ్వాడు.

"అక్కా, తెర ముంగటున్నది. నువ్వు గోడకు డాన్స్ చూపెడుతున్నవ్."

తిరగడం మానాలని నీలి చాలా రోజులు చూసింది. కాళ్లు వినలేదు. సరే, చూడటం కుదరకపోతే గుర్తుంచుకుందామనుకుంది. పాట తర్వాత పాట, ఏ అడుగు వెంట ఏ అడుగో ఆమె కాళ్లకు ఎక్కిపోయింది.

ఇంతలో అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. లైను మెట్ల నుంచి తలుపు దాకా కుదించుకుపోయింది, తర్వాత అదీ లేదు. కరోనా తర్వాత మళ్లీ తెరిస్తే, పిల్లలు బంతుల బుట్ట పక్కనే కూర్చుని ఫోన్లో బంతులు వేశారు. అక్కడ పనిచేసే ఎనిమిది మంది అమ్మాయిల్లో ముగ్గురు మిగిలారు. చివరికి ఓ శనివారం మెసేజ్ వచ్చింది: ఇవాళ్టితో మీ పని ముగిసింది, రేపు ఒక్కరోజు ఆడించి మూసేస్తున్నాం. తొమ్మిదేళ్ల చాకిరీకి ఒక్క వాక్యం. అయ్యో, గేమ్ జోన్ పోయిందే అని ఊళ్లో చాలామంది బాధపడ్డారు. ఆ అమ్మాయిలు ఎటు పోయారని అడిగినవాళ్లు లేరు.

డాన్స్ మిషన్‌ను దింపించే తిప్పలు తప్పించుకోవడానికి హన్మంత్ పోటీ పెట్టాడు. ఆదివారం దాని మీద ఎవరికి ఎక్కువ పాయింట్లు వస్తే మిషన్ వాళ్లదే. నీలికి ఆ మిషన్ కావాలి. గార్డు ఆపేసిన పిల్లల నడుమ దాన్ని పెట్టాలి.

ఆదివారం తండ్రి సక్రును వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన భుజాన మోకుతాళ్ల చుట్ట. ఆటకు కార్డు కొంటుంటే హన్మంత్ అడ్డొచ్చాడు.

"స్టాఫ్ ఆడొద్దు నీలీ, రూల్ ఎరుకే కద."

"నిన్నటితోనే నౌకరి అయిపోయిందని మీరే మెసేజ్ పెట్టిన్రు కద సార్. ఇయ్యాల నేను గిరాకిని."

లైనంతా నవ్వింది. హన్మంత్ పక్కకు జరిగాడు.

అప్పటికే మిథున్‌కు తొంభై నాలుగు వచ్చాయి. నీలి ఎక్కింది. పాట మొదలైంది. కుడి, కుడి, ముందు, ఎడమ... గిర్రున తిరిగింది. సరిగ్గా అప్పుడే తెర ఆరిపోయింది, పాట మోగుతూనే ఉంది. వానాకాలం నుంచి దానికి ఆ రోగం ఉంది. ఆగమని మిథున్ అరిచాడు. ఎందుకు ఆగమంటున్నాడో నీలికి తెలియదు, ఆమె వీపు తెరకు ఉంది. ఇటు తిరిగి చూస్తే ఎదుటంతా నలుపు. కాళ్లు మాత్రం ఆగలేదు. లైనులో ఎవరో చేతులతో తాళం వేశారు, క్షణంలో అంతస్తంతా చప్పట్లు! నీలి మళ్లీ తిరిగింది. మళ్లీ తిరిగింది. పాట ఆగిపోగానే, రోజూ పొద్దున చేసినట్టే, మిషన్ పక్కన అరచేత్తో రెండు చరిచింది. తెర వెలిగింది.

తొంభై ఏడు.

"తాళ్లు ఊకెనే తెచ్చిన్నా?" అన్నాడు సక్రు, చుట్ట విప్పుతూ.

మిషన్ లిఫ్ట్‌లో పట్టలేదు. మూడంతస్తులూ మోసుకుంటూ దిగారు. ముందుగా మూల పట్టింది మిథునే.

ఇప్పుడది తండా బడి వరండాలో ఉంది. నీలి ఆ బడిలోనే పిల్లలకు వంట చేస్తోంది. సాయంత్రం బడి వదలగానే మిషన్ ముందు లైను, అందులో సగం మందికి చెప్పుల్లేవు. పోయిన వానలకు తెర పూర్తిగా పోయింది. బాగు చేయిద్దామని నీలి అంటే, ఐదో తరగతి పూజ ఒప్పుకోలేదు.

"వద్దక్కా. దాన్ని చూసుకుంట నిలవడితె ఇగ తిరుగుడెట్ల?"