ఆకాశానికి వీపు తిప్పినవాడు

మా బావ తోర్‌గైర్‌కి ఆకాశమంటే పట్టదని ఊళ్ళో అనుకునేవారు. పట్టక కాదు, చూసే వీలు లేక. తను పనిచేసే బొగ్గు గని మూతపడ్డాక అతను ఎలుగుబంటి కాపలాకి కుదిరాడు. చలికాలపు రాత్రుల్లో ఆకాశంలో రంగులుగా ఆడే ఉత్తర కాంతులు చూడడానికి వచ్చే జనాన్ని మంచు స్కూటర్ల మీద ఊరి బయటికి తీసుకెళ్తాం. వాళ్ళంతా తలలెత్తి ఆహా ఓహో అంటుంటే, ఒకడు మాత్రం వాళ్ళకి వీపు తిప్పి, తుపాకితో చీకట్లోకి చూస్తూ నిలబడాలి. అందరూ పైకి చూసే వేళ కోసమే తెల్ల ఎలుగు కాచుకుని ఉంటుందని ఉత్తర ధ్రువం చెంతనున్న మా దీవి స్వాల్‌బార్డ్‌లో పసిపిల్లలకి కూడా తెలుసు.

ఆ ఒకడు ఎప్పుడూ మా బావే. మా అక్క బోర్‌గిల్డ్ అతని పక్కనే, ఎదురు దిక్కుకి తిరిగి నిలబడి, పైన ఏం జరుగుతోందో చెప్పేది. ఆవిడ పోలికలన్నీ వంటింట్లోవే.

"ఇవాళ బఠాణీ పులుసు ఒలికిపోయింది, తోర్‌గైర్. అంచున కాస్త మాడింది కూడా."

"మాడిందంటే? ఎరుపా?"

"ఎరుపే. నువ్విటు తిరక్కు. నా మొగుణ్ణి ఎలుగుబంటికి ఇవ్వడానికి నాకేం పిచ్చి పట్టలేదు."

అలా ఎన్నో ఏళ్ళు అతను ఆకాశాన్ని చెవులతో చూశాడు.

కిందటి శరదృతువులో అక్క పోయింది. మా నేల శవాన్ని ఉంచుకోదు. గడ్డకట్టిన మట్టి ఏటేటా కొంచెం కొంచెంగా పైకి తోసేస్తుంది. అందుకని పూడ్చడానికి శవపెట్టెను విమానంలో సముద్రం అవతలి త్రోమ్‌సోకి పంపాం. ఆ చలికాలమంతా బావ కాపలాకి వచ్చాడు గాని, కాంతులెలా ఉన్నాయని ఎవరినీ అడగలేదు. నేను చెప్పబోతే "ఊరుకో, ఓద్నీ" అని పేరు పెట్టి కసిరేవాడు. నాకు ఒళ్ళు మండేది. దుఃఖం అతనొక్కడి సొత్తా? పోయినావిడ నాకు అక్క.

మార్చిలో సంపూర్ణ సూర్యగ్రహణం ఉంది. నెలల తరబడి మొహం చాటేసిన సూర్యుడు ఊళ్ళోకి వచ్చి రెండు వారాలు కాలేదు, అప్పుడే మళ్ళీ మాయమవుతాడట. దాని కోసం అక్క ముందే ఒక ఏర్పాటు చేసిపెట్టింది. ఆ కాసేపు తుపాకి తను పట్టుకుంటుంది, బావ పైకి చూడాలి. ఆ వేసవికి బావ పని విరమించి దీవి విడిచి వెళ్ళిపోవాలి. ఇక్కడ ముసలివాళ్ళకి చోటు లేదు. ఇలాంటిది అతని జన్మలో మళ్ళీ రాదు.

"ఆ రోజు తుపాకి నాకియ్యి బావా," అన్నాను.

"నీకా? మంచు దిబ్బని ఎలుగనుకుని చేతులెత్తమన్న మనిషివి."

"అది కదల్లేదుగా, నా మాట విన్నట్టే. అక్క ఇచ్చిన మాట, నేను తీరుస్తాను."

అతను కాఫీ ఖాళీ చేసి, సరేనన్నాడు.

ఆ పొద్దున జనాన్ని గడ్డకట్టిన సముద్రపు పాయ మీద దింపాం. గాలి బొత్తిగా లేదు. దిగగానే బావ వంగి ఒక అడుగుజాడను వేలితో తాకాడు.

"కొత్తదా?" అన్నాను.

"పాతది కాదు."

మళ్ళీ అందరినీ ఎక్కించి, ఇంకా దూరంగా, చదునైన చోటికి తీసుకెళ్ళాం. అయినా బావ మొహం తేటపడలేదు.

గ్రహణం పట్టింది. వెలుగు పలచబడేకొద్దీ మా నీడలు కత్తిరించినట్టు పదునెక్కాయి. చలి పెరిగింది. సముద్రపు పక్షులు అరుపులు మాని కొండలవైపు మళ్ళాయి. నాకు భయం వేసింది. బావ తుపాకి నా చేతిలో పెట్టాడు. ఎలుగుని బెదరగొట్టే మంట తుపాకి మాత్రం తన నడుముకే ఉంచుకున్నాడు. అతను జనంతోపాటు సూర్యుడి వైపు తిరిగాడు, నేను సూర్యుడికి వీపు తిప్పాను.

ఉన్నట్టుండి చీకటి మీద పడింది. వెనక జనం కేకలు వేశారు, ఎవరో ఏడుస్తున్నారు. నా ఎదుట దూరాన మంచు గడ్డలున్నాయి. వాటిలో ఒకటి ఇందాక అక్కడ లేదు. మిగతావాటికన్నా పసుపుగా ఉంది. దిబ్బే అనుకుందామనుకున్నాను. అది కదిలింది.

అరిస్తే జనం పరిగెడతారు, పరిగెత్తేదాన్ని అది వదలదు.

"బావా," అన్నాను మెల్లగా, తల తిప్పకుండా.

"చూశాను."

గొంతు వెనకనుంచి రాలేదు. అతను నా పక్కనే, నేను చూసే దిక్కే చూస్తూ, మంట తుపాకి ఎత్తి ఉన్నాడు.

"గురి దాని మీదే ఉంచు. నేను చెబితే తప్ప కాల్చకు."

అది ముక్కెత్తి మా వాసన పట్టి, ఇంకాస్త ముందుకు వచ్చింది. బావ పేల్చాడు. ఎర్రటి మంట దాని ముందు పడి చిటపటలాడింది. అది కాసేపు దాన్ని చూసి, తొందరేమీ లేకుండా వెనక్కి తిరిగిపోయింది. అప్పటికి కొండల మీద వెలుగు మళ్ళీ వచ్చేసింది. మేం గ్రహణానికి టపాసు కాల్చామనుకుని జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళని గబగబా స్కూటర్ల దగ్గరికి తోలాం.

"కనీసం ఒక్క చూపన్నా చూశావా?" అన్నాను బెల్టు బిగిస్తూ.

"చీకటి పడగానే కాళ్ళు వాటంతటవే ఇటు తిరిగాయి." ఆ చలికాలంలో మొదటిసారిగా అడిగాడు. "ఎలా ఉంది, ఓద్నీ?"

"నేనూ నీతోపాటు ఇటే చూస్తున్నాను కదా, బావా."

అతను తలూపి, తన పక్కనున్న ఖాళీ వైపు చూశాడు. అక్క పోయాక నేనెన్నడూ చూడనిది అప్పుడు చూశాను. బావ నిలబడి ఏడ్చాడు. మాతో వచ్చినవాళ్ళలో ఒకామె దగ్గరికొచ్చి, అతని చెయ్యి పట్టుకుని, "అంత అందాన్ని చూస్తే ఎవరికైనా ఏడుపొస్తుంది," అంది.