మావయ్య పెంచిన పచ్చిక

మా మావయ్య పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఉదయం టీ తీసుకెళ్లి నా భార్య ఎంత పిలిచినా ఆయన పలకలేదు. నిద్రలోనే దాటిపోయారు. ఆ మనిషి గురించి నాలుగు మాటలు మీతో చెప్పుకోకపోతే నాకు తోచడం లేదు.

గజపతినగరం పక్క పల్లెలో ఆయన వరి రైతు. అత్తయ్య పోయాక, మోకాళ్లు మొరాయించాక, పొలం కౌలుకిచ్చి రాజాంలో మా ఇంటికి వచ్చారు. వచ్చారన్నమాటే గానీ, కూతురింట ఊరికే కూర్చుని తినాలంటే ఆయనకు ముద్ద దిగేది కాదు. ఫోన్లో ఎవరడిగినా "అల్లుడింట్లో ఉన్నాను, రేపో మాపో వచ్చీస్తాను" అనేవారు. సంచి ఎప్పుడూ సర్దే ఉండేది. ఆయన్ని ఈ ఇంట్లో ఎలా నిలుపుకోవాలో మాకు తెలియలేదు.

ఆ రోజుల్లోనే నేను ఇంటి ముందు పచ్చిక వేయించాను. నా సరదా. చూసి పకపకా నవ్వారు.

"ఏటల్లుడూ, బతుకంతా గట్ల మీద గడ్డి పీకి పీకి సేతులరిగిపోయాయి. ఇప్పుడు దీన్ని పెంచమంటావేటి?"

అన్నారు గానీ, మర్నాటి నుంచి దాన్ని ఆయనే చూసుకున్నారు.

తొలి వానలకు నేను ఆఫీసు పని మీద వారం పాటు ఊళ్లో లేను. మావయ్య పచ్చిక చుట్టూ చిన్న గట్టు వేసి, వరిమడికి పెట్టినట్టు నీళ్లు నిలబెట్టేశారు. నేను వచ్చేసరికి గడ్డి పసుపెక్కి, వేళ్లు కుళ్లి వాసనేస్తోంది. ఆయన సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"పాడుసేసీసాను అల్లుడూ. నానెల్లిపోతాను."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆ ముఖం చూశాక, "పాడుచేసి వెళ్లిపోతే ఎలా మావయ్యా? బాగుచేసి వెళ్లండి" అన్నాను. ఆయన సంచి దించారు.

గట్టు తెంచారు. నీరు పోయే వాలు తీశారు. ఇసుక చల్లి, చచ్చినచోట కొత్త గడ్డి నాటారు. ఆ బాగుచేయడం ఆరేళ్లు సాగింది.

వానాకాలంలో తరచూ కత్తిరించేవారు, కానీ కొసలే. "గుండు గీసీకూడదు, వానలో కూడా సస్తాది" అనేవారు. తుంగ మొలిస్తే పైన తెంపక, మట్టిలో దాక్కున్న గడ్డతో సహా తవ్వి తీసేవారు. చలికాలంలో నీళ్లు తగ్గించేవారు. మంచు ఆరేదాకా ఎవర్నీ దాని మీద అడుగు పెట్టనిచ్చేవారు కాదు. ఒకసారి మా మేనేజరు గారినే గేటు దగ్గర ఆపేస్తే సిగ్గుతో చచ్చాను. ఎండల్లో గడ్డిని కాస్త ఎత్తుగా వదిలి, తెల్లారగానే బాగా తడిపేవారు. "పైపైన తడిపితే సాలదు, వేరు తాగాల." ఆయనంటే నాకంత ఇష్టమవుతుందని నేననుకోలేదు.

పోయిన రోజు ఆయన తమ్ముడు వచ్చి, "అన్నని ఊరు తీసుకెల్లిపోదాం. అల్లుడింటి నుంచి సాగనంపితే బాగోదు" అన్నారు.

నా భార్య కళ్లు తుడుచుకుంది. "మొన్ననే సెప్పాడు సిన్నాన్నా. నానెప్పుడెల్లినా మనింటి కాడి నుంచే ఎల్తానన్నాడు. ఊళ్లో ఇల్లా నాన్నా అనడిగితే, ఈ గడ్డికేసి సెయ్యి సూపించాడు."

చిన్నాయనే ముందుకొచ్చి అన్న తల వైపు పట్టుకున్నారు. మావయ్యను పచ్చిక మీదే పడుకోబెట్టాం.

శ్మశానం నుంచి తిరిగొచ్చేసరికి, మనిషి పొడవున గడ్డి అణిగి ఉంది. దాని పక్కన కూర్చుని నా భార్య చేత్తో నిమురుతోంది.