తప్పు చెప్పమన్న టీచరు

ఈ ఉదయం పెరట్లో దొండపాదు కత్తిరిస్తుంటే ఆకుల పసరు వాసన గుప్పుమంది. అంతే, చేతిలో కత్తెర ఆగిపోయింది. అరవైల చివర్లో మా ట్రైనింగు స్కూల్లో బొగ్గూ దొండాకూ కలిపి నూరి నల్లబల్లలకు పట్టించేవాళ్లం. ఆ పని మాతో చేయిస్తూ, తనూ మోచేతుల దాకా నలుపు చేసుకునే మనిషి కరుణమ్మ టీచరు. కాబోయే టీచర్లం మేం పిల్లలకు పాఠం చెబుతుంటే వెనక కూర్చుని చూసి, తర్వాత మంచిచెడ్డలు చెప్పడం ఆవిడ ఉద్యోగం. మిషను చర్చి పక్కన ఇల్లు, నేతచీర, మెత్తటి గొంతు. ఆవిడ తలపుకొస్తే ఈ వయసులోనూ లేచి నిలబడాలనిపిస్తుంది.

మాది రాజాం దగ్గర పల్లె. టీచరు కావాలంటే ముందు ఊరి యాస వదిలించుకోవాలని ఎవరో చెబితే నమ్మి, అచ్చు పుస్తకంలా మాట్లాడటం నేర్చుకున్నాను. నా మొదటి పాఠం మూడో తరగతికి, చెట్ల ఉపయోగాలు. "చెట్టు మనకేమిస్తుంది?" అనగానే కిటికీ పక్కనున్న పైడితల్లి చటుక్కున లేచింది.

"సెట్టు నీడిస్తాది టీచరు!"

"సెట్టు కాదు, చెట్టు. అను."

"సెట్టు."

"చె... చెట్టు."

"సె..."

క్లాసంతా గొల్లుమంది. పిల్ల ఏడుస్తూ కూలబడింది. ఆ తర్వాత ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. గంట కొట్టేదాకా నేనే అడిగి నేనే చెప్పుకున్నాను.

హాస్టలుకెళ్లి ట్రంకుపెట్టె సర్దేశాను. ఇంటికెళితే ఏమవుతుందో తెలుసు. గజపతినగరంలో మేనబావ తాంబూలాలకు సిద్ధంగా ఉన్నాడు, టీచరునవ్వాలన్న నా ఆశ అక్కడితో సరి. అయినా వెనక కూర్చుని అంతా చూసిన కరుణమ్మ టీచరు ముందు నిలబడటం కన్నా అదే నయమనిపించింది. సాయంత్రం ఆవిడే గుమ్మంలోకి వచ్చారు. పెట్టె చూశారు. నా పాఠం ఊసే ఎత్తలేదు. "రేపు అదే పాఠం నేను చెబుతాను. నువ్వు నా కుర్చీలో కూర్చుని చూడు. నా తప్పులు చెప్పి వెళ్దువుగాని" అన్నారు.

మర్నాడు ఆవిడ పాఠం చెబుతుంటే నోరు వెళ్లబెట్టి చూశాను. జవాబులు చెప్పడానికి పిల్లలు ఎగబడ్డారు. వాళ్లు వెళ్లాక ఆవిడ, రోజూ మేం నిలబడే చోట, బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. అంత పెద్దావిడ!

"చెప్పమ్మా."

"చాలా బాగుందండి."

"బాగుందంటే నాకేటి లాభం? తప్పు సెప్పు."

ఆవిడ నోట మా ఇంటి మాట వినడం అదే మొదలు. ఎలాగో ధైర్యం చేసి అన్నాను. "పైడితల్లిని ఒక్కసారి కూడా అడగలేదండి."

ఆవిడ మొహం చిన్నబోయింది. బెంచీ మీద కూర్చుండిపోయారు. "నిజమేనమ్మా. మళ్లీ ఏడుస్తాదేమోనని బయమేసి వదిలీసినాను. నిన్న నీ దగ్గిరికొచ్చీ అదే సేసినాను. ఏడుస్తావని, సెప్పాల్సింది సెప్పకుండా ఎల్లిపోనాను."

తన తప్పును అలా చేతిలో పెట్టి చూపించిన పెద్దవాళ్లను అంతవరకూ నేనెరగను. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఇప్పుడు సెప్తాను, ఇను. ఆ పిల్ల సరిగ్గానే సెప్పింది. నువ్వు దాని నీడ ఇన్లేదు. సెట్టే ఇన్నావు."

చెంప పగలగొట్టినా అంత తగిలేది కాదు. కానీ విచిత్రం, అవమానమనిపించలేదు. "మా ఇంట్లోనూ సెట్టేనండీ!" అంటూ భోరుమన్నాను.

ఆవిడ వీపు నిమిరారు. "మరింకేటి! ఎల్లి పెట్టె ఇప్పు. రేపు దాన్ని నువ్వే అడగాలి."

అడిగాను. "పైడితల్లీ, సెట్టు ఏటిస్తాది?" వెక్కిరిస్తున్నాననుకుందేమో, నన్ను ఎగాదిగా చూసింది. మెల్లగా లేచింది. "నీడిస్తాది టీచరు. మా మేకలికి మేతిస్తాది." ఇక ఆగితేనా! మేనబావ మరో పిల్లను చేసుకున్నాడు, సుఖంగానే ఉన్నాడు.

రిటైరయ్యాక కూడా కొత్త టీచర్ల పాఠాలు చూడమని నన్ను పిలుస్తుంటారు. ముందు నేనో పాఠం చెప్పి, బల్ల పక్కన నిలబడతాను. మొన్న ఒకమ్మాయి బెదురుతూనే, "మీరు ఎవర్నీ మాట పూర్తి చెయ్యనివ్వరు మేడం, మధ్యలోనే అందుకుంటారు" అంది. నాకసలే ముక్కు మీద కోపం. ఆ మాటనూ మధ్యలోనే అందుకోబోయాను. పళ్లబిగువున ఆగి, పూర్తిగా విన్నాను.

"నిజమేనమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకుని బెంచీ మీద నాకు చోటిచ్చింది. "ఇప్పుడు నావి చెప్పండి మేడం" అంది.