ఉపవాసం తప్పిన ఎలుక

మంగళవారం, సంకష్టి చతుర్థి. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా ఎలుక తెర మీద మసకగా కనిపించింది.

అప్పట్లో నేను బెంగళూరులో ఒక పరిశోధనశాలలో ఎలుకల గది చూసుకునేదాన్ని. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, తెర మీది అంకెల జోలికి పోను. బొమ్మ బాగుందో లేదో మాత్రం చెప్పగలను. అది బాగాలేదు.

ఆ యంత్రం కట్టింది మహబూబ్‌నగర్ అమ్మాయి. ఎలుకకు చక్కెరలాంటి మందు సూదితో ఎక్కిస్తారు. దాన్నుంచి కిరణాలు వస్తాయి. ఎలుక భుజం కింద ఉన్న క్యాన్సర్ గడ్డ చక్కెరను ఆబగా తింటుంది కనుక కిరణాలూ అక్కడే ఎక్కువ. చుట్టూ వలయంగా పేర్చిన స్ఫటికాలు వాటిని పట్టుకుంటే బొమ్మ వస్తుంది. పాత యంత్రం చాలా కిరణాలను జారవిడిచేది. ఈ అమ్మాయి స్ఫటికాల మందం పెంచి, వలయాన్ని ఎలుక ఒంటికి దగ్గరగా జరిపింది. మందు తగ్గినా బొమ్మ తగ్గకూడదని ఆమె పట్టు. ఆ రోజు బొమ్మ రాకపోతే ఆమె రెండేళ్ల పని అంతటితో ఆగిపోతుంది. ఆ తీర్పు చెప్పడానికే హైదరాబాద్ నుంచి ఒక మేడం వచ్చి కూర్చున్నారు.

వలయానికి చట్రం చేసిన బొమ్మసంద్ర మేస్త్రీ తొంగిచూశాడు. "వలయం ఇంకా సన్న సైజు కావల్లంటే చెప్పు పాపా, బళేపేటలో గాజులు ఉండాయి."

"అన్నా, జర ఊకో," అంది ఆ పిల్ల. ఎలుక తోక మీద చిన్నగా పొడిచి రక్తం చూసింది. "అవ్వా, దీనికి చక్కెర గింత ఉందేంది? మేత తీసేసినవ్ గదా?"

కడుపు నిండితే ఒంట్లోని సొంత చక్కెరే పొంగుతుంది, మందుకు గడ్డలో చోటు దొరకదు. అందుకే ముందుగా ఉపవాసం ఉంచాలి.

"రెండు ఎలుకలకూ తెల్లారకముందే తీసేస్తి," అన్నాను. అందరూ నన్నే చూశారు. నేను ఎలుకలతో మాట్లాడతాను మరి. మాట్లాడితే మేత పెట్టినట్టా?

మా పెద్ద సార్ దగ్గాడు. సంకష్టి రోజు చంద్రుణ్ణి చూసేదాకా మంచినీళ్లయినా ముట్టని భక్తుడు.

"నేనే అప్పా... ఇంట్లో కడుబు, అదే కుడుములు, చేసిండ్రి. గణపతి వాహనం గదా, పరీక్షకు ముందర మంచిదని ఒక్క ముక్క పెడితిని. బెల్లం, కొబ్బరి ఉండే ముక్క."

"మీ ఉపవాసం మీరుండి, దాని ఉపవాసం చెడగొడ్తిరి గదా సామీ! రెండోదానికీ పెట్టినారా?" అన్నాను.

"పిలిస్తి. అది దూదిలోనుంచి బయటికే రాలే."

మేడం నవ్వు దాచుకోవడానికి కళ్లజోడు తుడిచారు.

రెండో ఎలుక ఆకలితోనే ఉంది. కానీ మందు సీసాలో ఉన్నా ఊరుకోదు, రెండు గంటల్లో సగం బలం పోతుంది. "మందు తగ్గిపోయింది మేడం, ఇంకోరోజు..." అని అమ్మాయి నసిగింది.

"తక్కువ మందు చాలని పొద్దుటి నుంచి చెబుతున్నది నువ్వే కదమ్మా! ఎక్కించు."

ఎక్కించింది. మందు ఒంట్లో సర్దుకునేదాకా కాచుకున్నాం. సార్ ఎలుకల గది వైపు అడుగు వేసినప్పుడల్లా మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు. "చేతులు జేబుల్లో పెట్టుకోండి సార్, మీ భక్తికి ఒక దండం."

బొమ్మ వచ్చింది. గడ్డ అంచుతో సహా, గోటితో గీసినట్టు తేటగా ఉంది. మేడం తెరకు ముక్కు ఆనించినంత పని చేశారు.

"ఇది సగం మందుకేనా?"

"సగం గూడ లేదు మేడం," అని అమ్మాయి ఒక్కసారిగా ఏడ్చేసింది.

"పని ఆపొద్దు. తర్వాతి ఎలుకకు ఇంకా తగ్గించి చూడు," అన్నారు మేడం.

ఆ మాట విన్నవాళ్లం ఇంతమందిమి: మహబూబ్‌నగర్ అమ్మాయి, హైదరాబాద్ మేడం, బొమ్మసంద్ర మేస్త్రీ, మా పెద్ద సార్, నేను, మత్తులో ఉన్న రెండో ఎలుక. సీసం గోడ వెనక కడుపు నిండి పడుకున్నది కూడా ఉంది గానీ, అది విన్నదో లేదో చెప్పలేను.