డాక్టరాంటీ కిల్న్

మా ముత్తాత అప్పల నరసింహ దొరగారు రాయిగెడ్డ ఎస్టేటుకు అధిపతి. ఆయన కొలువులో చెప్పిన తీర్పును కాదని పై కోర్టుకు వెళ్ళినవాడు లేడు. మా తాత రంగారాయ దొరగారి పంక్తిలో ఎవరు కూర్చున్నా, వచ్చినవాడు కలెక్టరైనా కరణమైనా, వెండి కంచంలోనే వడ్డన జరిగేది. మా నాన్నగారు సూర్యనారాయణ దొరగారు ఆ వంశంలో దొర అని పిలిపించుకున్న చివరి మనిషి. వారి ఏకైక వారసురాలిని నేను. ఈ ఉదయం మార్కమ్‌లో మా ఇంటి గ్యారేజీలో, వీధిలో మంచు తోసే బండి గరగరమని పోతుండగా, మట్టిగిన్నెలు కాల్చే కిల్న్ మూత ఎత్తి నిలబడ్డాను. ఎండకు కాగిన రాతిమెట్ల మీద నీళ్ళు చల్లితే వచ్చే వాసనతో వెచ్చటి గాలి మొహానికి తగిలింది. ఆపైన ఆ చప్పుడు మొదలైంది. టింగ్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒకదాని వెనక ఒకటి, సన్నగా, దూరంగా ఎవరో గాజులు సర్దుకుంటున్నట్టు. చల్లారుతున్న గిన్నెలు చేసే చప్పుడది. అది వినగానే నా తల కొద్దిగా పక్కకు వాలుతుంది. ఆ వాలు నాది కాదు, డాక్టరాంటీది.

ఆమె పేరు కమలాక్షి. ప్రొద్దుటూరు మనిషి. ఇక్కడ పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాక, కారును మంచులోకి నెట్టి గ్యారేజీని మట్టికి అప్పగించింది. మార్కమ్ తెలుగువాళ్ళందరికీ ఆమె డాక్టరాంటీ. నేను ఆమెను మొదట చూసింది ఒక ఉగాది భోజనాల్లో. అందరి చేతుల్లో కాగితపు ప్లేట్లు వంగిపోతున్నాయి. ఆమె మాత్రం సంచిలోంచి తన గిన్నె తీసి అందులో పులిహోర పెట్టించుకుంది. నేరేడుపండు రంగు గిన్నె, అంచు దగ్గర తేనెలా పలచబడింది. ఎక్కడ కొన్నారని అడిగాను. "కొనలేదమ్మా, చేసినా" అంటూ ఖాళీ అయిన గిన్నెను కడిగి నా చేతిలో పెట్టింది. చూడడానికి బరువనిపించింది గాని, చేతిలో ఆ బరువంతా అడుగున కుదురుగా కూర్చుంది. చేతికి మర్యాద తెలిసిన వస్తువు అనిపించింది. నేను ఎవరినో చెప్పుకోవడం నాకు చిన్ననాటి నుంచి అలవాటు. "మాది రాయిగెడ్డ దివాణమండీ" అన్నాను.

"అట్లనా? మాది బట్టలంగడి" అంది ఆమె, ఏమీ తొణక్కుండా. "మీ దివాణంలో మట్టి పిసికినోళ్ళు ఎవరన్నా ఉండారా?"

"లేరండీ."

"అయితే శనివారం రా దొరసానీ. నీతోనే మొదలుపెడదాం."

ఆ పిలుపులో వెటకారం ఉందని నాకు తెలుసు. అయినా వెళ్ళాను. ఆ గిన్నె బరువు ఇంకా నా అరచేతిలోనే ఉంది.

మట్టిని చక్రం నడుమకు తేవాలంటే ముందుకు వంగి, మోచేతులు తొడలకు ఆనించి, ఒళ్ళంతా దాని మీద మోపాలి. ఆమె దగ్గర నేర్చుకునే తక్కినవాళ్ళు అలాగే గూనిగా కూర్చుని పనిచేసేవారు. నాకు నడుము వంగలేదు. వంగినట్టు ఒక నిమిషం నటించినా, మరుక్షణం తెలియకుండానే నిటారుగా అయిపోయేదాన్ని. మట్టి తప్పతాగినవాడిలా అటూ ఇటూ ఊగి నా చేతుల్ని విదిలించేది. శీతాకాలం సగం ఇలాగే గడిచింది. ఒకరోజు డాక్టరాంటీ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడింది.

"ఎవరు నేర్పించినారు నీకు ఇట్ల కూర్చోవడం?"

"మా మామ్మగారు. భోజనం దగ్గర వీపు గోడకు తగిలితే నా విస్తరి తీసేయించేవారు."

"అంత చిన్నబిడ్డకా!" అంది, డాక్టరు గొంతుతో. వంగమనీ అనలేదు, నీవల్ల కాదనీ అనలేదు. మరుసటి శనివారం వెళ్ళేసరికి ఒక చక్రం కాళ్ళ కింద సిమెంటు దిమ్మెలు పేర్చి ఉన్నాయి. చక్రం నా నడుము ఎత్తుకు వచ్చింది. "నడుము కిందికి రాకుంటే వీల్ పైకి రావల్ల. నిలబడి చెయ్. వీపు గోడకు ఆనించుకో, బలం వస్తాది."

"గోడ అక్కర్లేదండీ."

"సరే. దొరసానులకు గోడలు ఎందుకులే" అని నవ్వుతూ పోయింది.

పాదాలు ఎడంగా పెట్టి, మోచేతులు పక్కటెముకలకు బిగించి నిలబడ్డాను. నా నిటారుతనమంతా భుజాల నుంచి అరచేతుల్లోకి దిగింది. ఊగుతున్న ముద్ద ఒక్కసారిగా ఊగడం మానేసింది. చక్రం తిరుగుతూనే ఉంది, మట్టి మాత్రం కదలనట్టు నిలిచింది. బొటనవేలు నడుమ దించితే అది నాకు దారి ఇచ్చింది. వేళ్ళ మధ్య గిన్నె గోడ పైకి లేస్తుంటే నా నోటి నుంచి ఏదో శబ్దం వచ్చింది కాబోలు, పక్కన ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. అంతకుముందు నాకు సంతోషం అంటే ఎవరో ఇచ్చేది, లేదా ఎవరికో ఇచ్చేది. చేతుల కింద నుంచి లేచే సంతోషం అదే మొదలు.

చేయడం కంటే కాల్చడం ఆమెకు ప్రాణం. మట్టి చేతిలో ఉన్నంతసేపు మన మాట వింటుంది, మూత పడ్డాక నిప్పు మాటే వింటుంది అనేది. కిల్న్ ఆపాక అది చెయ్యి ఓర్చుకునేంత చల్లబడేదాకా మూత ఎత్తనిచ్చేది కాదు. మేమంతా దాని చుట్టూ తిరుగుతుంటే కాఫీ కలిపి ఇచ్చి, "కాన్పుగది బయట మొగుళ్ళ మాదిరి తిరగాకండి, కూర్చోండి" అని కసిరేది. మూత ఎత్తినప్పుడు మాత్రం ఆమె ముఖం చూడాలి. ముందు కళ్ళతో కాదు, చెవితో చూసేది. తల పక్కకు వాల్చి, పసిపిల్లల ఊపిరి వినడం అలవాటైన ఆ చెవితో, టింగుటింగుమనే చప్పుళ్ళను వినేది. "పైన గాజు, లోపల మట్టి. రెండూ ఒకే తీరుగా చల్లారవు. ఆ పేచీ ఇది" అనేది. తర్వాత ఒక్కొక్క గిన్నెనూ తీసి వేలి కణుపుతో తట్టేది. గంటలా మోగితే బల్ల మీదికి. మొద్దుగా మోగితే కిందికి.

నేను ఎన్నో వారాలు కష్టపడి చేసిన ఒక పెద్ద గిన్నె మొద్దుగా మోగింది. తిప్పి చూస్తే అడుగున వెంట్రుకంత చీలిక. నీలం రంగు చక్కగా కుదిరింది, ఆకారం కుదిరింది. నాకు దాన్ని వదలబుద్ధి కాలేదు.

"గ్లేజ్, అదే ఆ గాజుపూత, పూసి ఇంకోసారి కాలిస్తే చీలిక కనపడదు కదండీ?"

"కనపడదు. నీళ్ళకు మాత్రం కనపడతాది" అంది. సుత్తి తెచ్చి నా చేతికిచ్చింది. "నీ బిడ్డ, నువ్వే కొట్టు. పగిలినదాన్ని పగిలింది అనల్ల."

కొట్టాను. ఆ పెంకులు ఆమె గులాబీ మొక్కల మొదట్లోకి వెళ్ళాయి. ఇంటికి వచ్చే దారంతా ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

కొన్నేళ్ళకు ఆమె వేళ్ళ కీళ్ళు వాచాయి. కాల్గరీలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోవడానికి నిశ్చయించుకుంది. ఆ కిల్న్ ఎవరికి ఇస్తుందా అని మా అందరిలో గుబులు. నా గుబులు వాళ్ళకంటే ఎక్కువ. నార్త్ యార్క్ బ్యాంకులో అద్దం వెనక కూర్చుని వారమంతా గడిపేది ఆ శనివారం కోసమే. ఆ కిల్న్ వేరే గ్యారేజీకి వెళ్ళిపోతే నా చేతులు ఏం చేయాలి? ఒకరోజు అందరూ వెళ్ళాక ఆమె నన్ను ఆగమంది.

"నీకియ్యాలని ఉండాది. కానీ ఒక మాట. వసంతంలో కమ్యూనిటీ సెంటర్‌లో సేల్ పెడతారు. నువ్వు టేబుల్ పెట్టి అమ్ము. షోకుకు చేసేవాళ్ళకు నేనియ్యను. షోకు చల్లారినాక కిల్న్ మీద అట్టపెట్టెలు పేరుస్తారు. నా కళ్ళతో చూసినా."

నేను అప్పటిదాకా నా గిన్నెలను కానుకగా ఇచ్చాను. ఎవరైనా వెల అడిగితే మొహం తిప్పుకున్నాను. "క్షమించండి డాక్టరాంటీ. మా ఇంట్లో ఇచ్చినవాళ్ళే గాని అమ్మినవాళ్ళు లేరు" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "మరి దివాణం యాడికి పోయె? ఊరికే ఇచ్చేసినారా?"

కోటు వేసుకుని వచ్చేశాను. నన్ను ఆ ప్రశ్న అంతవరకు ఎవరూ అడగలేదు. ఇంట్లో స్టవ్ ముందు నిలబడితే మా భోజనాల సావిడి కళ్ళముందుకు వచ్చింది. నా చిన్నప్పుడు పంక్తిలో వెండి కంచాలు ఒక్కొక్కటే కనపడకుండా పోయేవి. అడిగితే మా నాన్నగారు "మరమ్మతుకు వెళ్ళింది" అనేవారు. గుమస్తా పెరటి తలుపు నుంచి ఏదో గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళడం నేను చూశాను. మామ్మగారు ఒక్కసారి అడిగారు: "ఏమిరా సూరీ, ఇంకా రాలేదా?" "కంసాలి ఊళ్ళో లేడమ్మా" అన్నారాయన. తర్వాత అందరం అరిటాకుల్లో తిన్నాం. వీపులు మాత్రం గోడకు తగలనివ్వలేదు. ఆ రోజు స్టవ్ మీద పాలు పొంగిపోతుంటే మా అమ్మాయి వచ్చి ఆపింది. "అమ్మా, ఆర్ యూ ఓకే?" అంది.

మరునాడు ఫోన్ చేశాను. "టేబుల్ కోసం ఎవరినడగాలండీ?"

"నాకేం తెలుసు? పోయి నువ్వే అడుగు" అని పెట్టేసింది. గొంతులో నవ్వు వినపడింది.

ఆ శీతాకాలం నేను చేసినంత పని మా వంశంలో ఎవరూ చేసి ఉండరు. బ్యాంకు నుంచి నేరుగా ఆమె గ్యారేజీకి వెళ్ళేదాన్ని. వేళ్ళు పగిలాయి. పెరుగు గిన్నెలు, ఊరగాయ జాడీలు, కాఫీ కప్పులు. మొద్దుగా మోగినవన్నీ నా చేత్తోనే పగలగొట్టాను. సేల్ రోజున హాలులో తక్కినవాళ్ళు మడత కుర్చీల్లో కూర్చున్నారు. నా కుర్చీ మడత విప్పలేదు. అమ్మేటప్పుడు కూడా నిలబడే ఉంటానని నిర్ణయించుకున్నాను. డాక్టరాంటీ దూరంగా ఒక మూల కాఫీ పట్టుకుని కూర్చుంది. నా వైపు చూడనట్టే ఉంది.

మొదట వచ్చినవాళ్ళు మా బ్యాంకులో ఖాతా ఉన్న దంపతులు. ఆవిడ నన్ను చూసి ఆగిపోయింది. "అయ్యో, మేడమ్! మీరేంటండీ ఇక్కడ? ఏదైనా చారిటీకా?"

ఎంత చక్కటి తలుపు తెరిచిందో ఆవిడకు తెలియదు. ఔనంటే చాలు. ఆమె మెచ్చుకుంటుంది, నా తల ఎత్తు అలాగే ఉంటుంది, గిన్నెలూ వెళ్ళిపోతాయి. అది పెరటి తలుపని నాకు తెలుసు.

"కాదండీ. అమ్ముతున్నాను" అన్నాను. "ఇవి నేను చేసినవి."

"ఓ..." అంది ఆవిడ. భర్త ఒక గిన్నె తిప్పి చూసి, "మన తెలుగువాళ్ళకు డిస్కౌంట్ ఏమైనా ఉందాండీ?" అన్నాడు.

"లేదండీ."

"స్ట్రిక్టే!" అని నవ్వాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నేరేడు రంగు గిన్నెను రెండు చేతులతో పట్టుకుని బరువు చూస్తోంది, నేను ఉగాది రోజున చూసినట్టే. "ఇందులో పెరుగు తోడేసుకోవచ్చా?"

"తోడేసుకోవడానికే చేశాను."

కాగితంలో చుట్టి, డబ్బు పుచ్చుకుని, నిలబడే అందించాను. ఆ తర్వాత ఎంతమంది వచ్చారో లెక్కపెట్టలేదు. హాలు ఖాళీ అయ్యేసరికి కాళ్ళు మొద్దుబారాయి. డాక్టరాంటీ వచ్చి బల్ల మీద మిగిలిన ఒక కప్పును వేలితో తట్టింది. అది మోగింది.

"ఆ మొదటి ఆమె ఏమనింది?"

"చారిటీకా అంది."

"నువ్వేమంటివి?"

"అమ్ముతున్నానన్నాను."

ఆమె ఆ కప్పును ఇంకోసారి తట్టింది. "వ్యాన్ మాట్లాడుకో. కిల్న్ శానా బరువు. ఆ దిమ్మెలు కూడా తీసుకుపో, నాకెందుకు అవి" అంది.

డాక్టరాంటీ పోయిన ఏడాది కాల్గరీలో కన్నుమూసింది. చివరిసారి ఫోన్‌లో ఆమె అడిగింది నా ఆరోగ్యం కాదు, కిల్న్ ఆరోగ్యం. దిమ్మెల మీద చక్రం ముందు నేను ఇప్పటికీ నిలబడే పనిచేస్తాను. గోడకు ఇంకా ఆనుకోలేదు. గిన్నెల అడుగున నా పేరు చెక్కుతాను, కింద రాయిగెడ్డ అని కూడా. ప్రతి వసంతంలో అదే హాలులో నా బల్ల ఉంటుంది. ఈ ఉదయం గిన్నెలు మోగడం ఆగాక ఒక్కొక్కటే బయటికి తీస్తుంటే మా అమ్మాయి కాఫీతో వచ్చి నిలబడింది. భోజనం కంచంలా వెడల్పాటి పళ్ళెం ఒకటి చేతిలోకి తీసుకుని, మీ మామ్మ వాళ్ళ సిల్వర్ ప్లేట్స్ రిపేర్ నుంచి ఎప్పుడైనా వచ్చాయా అని అడిగింది. ఆ కథ దానికి నేనే చెప్పాను, మా నాన్నగారు చెప్పినట్టే.

పళ్ళేన్ని తట్టి, అది మోగాక చెప్పాను. రాయిగెడ్డ వెండి కంచాలు మరమ్మతుకు వెళ్ళలేదు. మీ తాతగారు వాటిని అమ్మేశారు.